పొగాకు గవర్నమెంటే కొనాలా? ఒంగోలు గొడవ వెనకున్న కథ

2025లో నల్లబర్లీ రకం పొగాకు కొనేవాళ్ళు లేక ఒంగోలు పక్క పర్చూరు వైపు రైతుల దగ్గర సరుకు పేరుకుపోయేసరికి పాత గొడవే మళ్ళీ లేచింది, గవర్నమెంటు కొనాలని కొందరు, రేటు చూసి ఎగబడి వేసి ఇప్పుడు జనం డబ్బుతో కొనమంటే ఎట్టా అని కొందరు. జూన్‌లో జగన్ పొదిలి వచ్చి రైతుల్ని కలిశారు, కూటమి ప్రభుత్వం రాష్ట్ర సహకార మార్కెటింగ్ సంస్థ మార్క్‌ఫెడ్‌తో కొనిపించింది. 2020లో జగన్ సీఎంగా ఉన్నప్పుడు సిగరెట్లకి వాడే వర్జీనియా రకం పొగాకు వేలంలోకి దిగింది కూడా ఇదే మార్క్‌ఫెడ్. కుర్చీలో ఎవరున్నా ఆఖరికి కొనక తప్పట్లా.

అసలు తేడా పంటలో ఉంది. వర్జీనియాకి 1975లోనే పార్లమెంటు చట్టం చేసింది, మరుసటి ఏడు గుంటూరు హెడ్డాఫీసుగా పొగాకు బోర్డు వచ్చింది. అంతకుముందు వ్యాపారి చెప్పిందే గ్రేడు, ఇచ్చిందే రేటు, డబ్బు ఎప్పుడొస్తుందో కూడా అతని ఇష్టమే. 1984-85 నుంచి బోర్డు వేలం మొదలయ్యాక టంగుటూరు, కొండపి, కందుకూరు, కలిగిరి, డీసీపల్లి లాంటి చోట్ల బేళ్ళు, అంటే పొగాకు కట్టలు, అందరి ముందు పాటకి పెట్టే పద్ధతి వచ్చింది, నా ఉద్దేశంలో మన రైతుకి గవర్నమెంటు చేసిన పెద్ద మేలు ఇదే.

అట్టని వేలం ఉంటే చాలని కాదు. కొనేది కంపెనీలే, వాళ్ళు చెయ్యెత్తకపోతే నోబిడ్ అయిన (ఎవరూ పాడని) బేళ్ళు మళ్ళీ ఇంటికే. సోవియట్ యూనియన్ మన పొగాకుకి పెద్ద గిరాకీ, 1991లో అది కూలిపోతే ఆ దెబ్బ ఇక్కడిదాకా తగిలింది. నిల్వలు పెరిగిపోయి 2000-01లో రాష్ట్రంలో ఏకంగా క్రాప్ హాలిడే పెట్టారు, అంటే ఆ ఏడు పంటే వేయనివ్వలేదు. 2015లో రేట్లు పడిపోయి ప్రకాశంలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు.

ఇక పన్ను. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడు సిగరెట్ మీద 28 శాతం, పైన సెస్సు పెట్టారు. పన్ను పెంచితే దొంగ సిగరెట్లు వచ్చి రైతు సరుకు పోదని కంపెనీలంటాయి, పెంచితేనే తాగడం తగ్గుతుందని డాక్టర్లంటారు. డాక్టర్ల మాటే నిజం, కానీ ఆ వచ్చిన డబ్బులో కొంతైనా ఇక్కడ వేరే పంటకి మారే రైతు చేతిలో పెట్టాలి కదా, అది అడిగే నాయకుడు ఏ పార్టీలోనూ గట్టిగా కనపడడు.

బర్లీకి వర్జీనియాకున్నట్టు ఎంత పండించాలో చెప్పే బోర్డు కోటా లేదు, వేలం లేదు, కంపెనీ వాళ్ళ నోటిమాట నమ్మి వేసుకోవడమే. 2024లో రేటు బాగుందని అందరూ వేశారు, సరుకు ముంచెత్తింది. బర్లీని కూడా బోర్డు కిందకి తెమ్మని రైతులు అడిగేది అందుకే, అది న్యాయమే. కాకపోతే బోర్డు వస్తే లైసెన్సూ వస్తుంది, వర్జీనియాలో లైసెన్సు ఉన్నవాడికి బ్యారన్ (ఆకు కాల్చే కొట్టం) అద్దె కట్టి కౌలు రైతు ఎంత నలుగుతున్నాడో కొండపి వైపు ఎవర్నడిగినా చెప్తారు, కాబట్టి బర్లీకి రిజిస్ట్రేషన్ పెడితే పొలం ఎవరి పేరున ఉందో కాదు, పంట వేసేది ఎవరో చూసి రాయాలి, అదీ నారు పోసే ముందే.