టీబీ క్రిమిని మింగితే సరిపోదు

తెల్ల రక్తకణం క్రిమిని గుటుక్కున మింగేస్తుంది, దాంతో పని అయిపోయిందని మనలో చాలామంది అనుకుంటాం. టీబీ విషయంలో ఆ లెక్క తప్పుతుంది. ఎవరో దగ్గితే గాల్లోకి వచ్చిన క్రిమి మన ఊపిరితిత్తుల్లోని గాలి గదుల దాకా చేరిందనుకోండి, అక్కడ కాపలా కాసే మాక్రోఫేజ్ అనే కణం దాన్ని మింగేస్తుంది. మామూలుగా అయితే ఆ మింగిన సంచికి జీర్ణరసాలున్న ఇంకో సంచి వచ్చి కలవాలి, లోపలున్నది అరిగిపోవాలి. టీబీ క్రిమి ఆ రెండూ కలవకుండా అడ్డుపడి, తనను చంపాల్సిన కణంలోనే మకాం పెట్టేస్తుంది. అక్కడే తాపీగా పెరుగుతుంది కూడా, ఒకటి రెండు కావడానికి దాదాపు 20 గంటలు పడుతుంది మరి.

ఈలోగా డెండ్రిటిక్ కణాలనే వార్తాహరులు క్రిమి ముక్కల్ని దగ్గర్లోని లింఫ్ గ్రంథికి మోసుకెళ్లి, అక్కడుండే టీ కణాలకు (ఒక్కో రకం ఒక్కో క్రిమి ముక్కనే గుర్తుపట్టే తెల్ల రక్తకణాలకు) చూపిస్తాయి. ఆ ముక్కను గుర్తుపట్టగలిగేవి బహు కొద్ది. అవే వేలకు వేలుగా పెరిగి, రక్తంలో పడి ఊపిరితిత్తులకు రావాలి, ఇదంతా జరగడానికి వారాలు పడుతుంది. అలా వచ్చిన హెల్పర్ టీ కణం (మిగతా కణాలకు సాయపడే రకం), మాక్రోఫేజ్ తన పైపొర మీద క్రిమి ముక్కను చూపిస్తేనే ఇంటర్ఫెరాన్ గామా అనే సంకేత ప్రొటీన్ వదులుతుంది. అది అందాకే మాక్రోఫేజ్‌కి అసలు బలం వస్తుంది, కక్కలేక మింగలేక ఉన్నదాన్ని అరిగించడం మొదలుపెడుతుంది. హెచ్ఐవీ దెబ్బతీసేది సరిగ్గా ఈ హెల్పర్ కణాల్నే, అందుకే ఆ రెండు జబ్బులూ అంతగా జంటగా కనిపిస్తాయి.

ఈ కణాల రాకను మన చేతి మీదే చూడొచ్చు. టీబీ క్రిమి సోకిందేమో చూసే మాంటూ పరీక్షలో ముంజేతి చర్మంలోకి టీబీ క్రిమి ప్రొటీన్లు కొంచెం ఎక్కించి, 48 నుంచి 72 గంటల తర్వాత చూస్తారు. ఆ క్రిమిని ముందే ఎరిగిన పాత టీ కణాలు అక్కడికి చేరి మిగతావాటిని పిలుచుకురావడానికి అంత టైమ్ కావాలి. కొలిచేది ఎరుపును కాదు, వేలికి గట్టిగా తగిలే వాపును. బీసీజీ టీకా వల్ల కూడా అది రావచ్చు కాబట్టి వాపు కనబడగానే టెన్షన్ పడక్కర్లేదు.

చావకుండా మిగిలిన క్రిముల చుట్టూ ఈ కణాలన్నీ గుమిగూడి గడ్డ కడతాయి, దాన్నే గ్రాన్యులోమా అంటారు. ప్రపంచ జనాభాలో దాదాపు నాలుగో వంతు మందికి ఈ క్రిమి సోకి ఉంటుందని అంచనా, వాళ్లలో జబ్బు పడేది 5 నుంచి 10 శాతమే. ఆ గడ్డ చెదరకుండా ఉండాలంటే కణాలు వదిలే టీఎన్ఎఫ్ అనే ప్రొటీన్ కావాలి. కీళ్లవాతానికి వాడే కొన్ని ఇంజెక్షన్లు దాన్నే అడ్డుకుంటాయి. దగ్గు లేకపోయినా, ఆ మందు మొదలుపెట్టే ముందు డాక్టర్లు టీబీ పరీక్ష రాసేది ఇందుకే.