వెబ్‌సైట్ మూలన ఆ మనిషి బొమ్మ ఎక్కణ్నుంచి వచ్చింది?

చాలా వెబ్‌సైట్లలో ఓ మూల చేతులు చాపిన మనిషి బొమ్మ కనిపిస్తుంది. నొక్కితే అక్షరాలు పెద్దవి చేసుకోవడానికి, రంగులు మార్చుకోవడానికి మెనూ తెరుచుకుంటుంది. సైట్ కోడ్‌లో ఒక్క లైను చేరిస్తే చాలు, దివ్యాంగులు ఇక ఏ ఇబ్బందీ లేకుండా వాడుకోవచ్చని చెప్పి అమ్ముతున్న సరుకు ఇది. ఈ రంగంలో దీన్ని ఓవర్‌లే అంటారు. సరుకులు, సేవలు దివ్యాంగులకూ అందుబాటులో (దీన్నే యాక్సెసిబిలిటీ అంటారు) ఉండాలనే యూరోపియన్ యాక్సెసిబిలిటీ చట్టం 2025 జూన్ 28 నుంచి అమల్లోకి వచ్చింది. ఆన్‌లైన్ అమ్మకాలు, బ్యాంకింగ్, ఈ-బుక్స్ లాంటి ప్రైవేటు సేవలు కూడా దాని కిందికి వచ్చాయి. దాంతో ఈ బొమ్మ పెడితే సరిపోతుందా అన్న గొడవ మళ్లీ రాజుకుంది. ఇప్పుడు దీనికి ఏఐ పేరు కూడా తోడైంది.

సైట్లు ఎలా కట్టాలో తెలియక వచ్చిన సమస్య కాదిది. వెబ్ ప్రమాణాలు రాసే అంతర్జాతీయ సంస్థ డబ్ల్యూ3సీ మొదటి మార్గదర్శకాలు 1999లోనే వచ్చాయి. డబ్ల్యూసీఏజీ అని పిలిచే ఆ ప్రమాణాల్లో ఇప్పటి వెర్షన్ 2.2, 2023 అక్టోబరులో విడుదలైంది. బొమ్మకు వివరణ రాయండి, ఫారంలో ప్రతి గడికీ పేరు పెట్టండి, మౌస్ లేకుండా కీబోర్డుతోనే పని జరిగేలా చూడండి, అక్షరాల రంగు వెనక రంగులో కలిసిపోకుండా చూసుకోండి. చాలావరకు ఇలాంటివే. తొలినాటి ఈ చరిత్రను ఇక్కడ ఆపుదాం. నేటి గొడవ అర్థం కావాలంటే వెళ్లాల్సిన తేదీ 2017 డిసెంబరు 26.

ఆ రోజు అమెరికా న్యాయశాఖ తాను మొదలుపెట్టిన ఓ పనిని వదిలేసింది. ఏడీఏ అని పిలిచే అక్కడి దివ్యాంగుల హక్కుల చట్టం 1990 నాటిది. దుకాణాలు, హోటళ్లు, సినిమా హాళ్లు దివ్యాంగులకు అందుబాటులో ఉండాలని అందులో ఉంది. వెబ్‌సైట్ల ఊసు లేదు, ఆ రోజుల్లో ఉండే వీలూ లేదు. ఆ లోటు తీర్చడానికి వెబ్‌సైట్లకు ప్రత్యేక నిబంధనలు రాస్తామని, చట్టానికి ఇరవయ్యేళ్లు నిండిన 2010 జులై 26న న్యాయశాఖ ప్రకటించింది. సలహాలు తీసుకుంది. ఏడేళ్లు గడిచాయి. చివరికి, ఇలాంటి నిబంధనలు అసలు అవసరమా, తగినవా అని పరిశీలిస్తున్నామంటూ ఆ ప్రతిపాదనను ఉపసంహరించుకుంది.

చట్టం మాత్రం రద్దు కాలేదు. కోర్టులూ మూతపడలేదు. ఏం చేస్తే చట్టాన్ని పాటించినట్టో చెప్పే కాగితం ఒక్కటే లేకుండా పోయింది.

దీని ఫలితం డొమినోస్ కేసులో కనిపిస్తుంది. సంస్థ వెబ్‌సైట్లో, యాప్‌లో స్క్రీన్ రీడర్‌తో (తెరమీద ఉన్నది చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌తో) పిజ్జా ఆర్డర్ చేయలేకపోయానని చూపులేని ఒక వ్యక్తి 2016లో దావా వేశారు. న్యాయశాఖ నిబంధనలు తెచ్చేదాకా ఆగుదామని 2017లో కింది కోర్టు కేసు కొట్టేసింది. ఆ తర్వాత నిబంధనల ప్రతిపాదనే వెనక్కి పోయింది. 2019 జనవరిలో అప్పీలు కోర్టు, రాని నిబంధనల కోసం ఎదురుచూడటంలో అర్థం లేదని, చట్టం ఈ సంస్థకు వర్తిస్తుందని తేల్చింది. డొమినోస్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. అదే ఏడాది అక్టోబరులో కోర్టు దాన్ని విచారణకు తీసుకోలేదు.

ఇక దావాల సంఖ్య చూడండి. వ్యాపార సంస్థల తరఫున వాదించే సేఫార్త్ షా అనే లా ఫర్మ్ లెక్క ప్రకారం వెబ్‌సైట్ల మీద ఫెడరల్ కోర్టుల్లో పడ్డ దావాలు 2017లో 814. మరుసటి ఏడాది 2,258. కోర్టు మెట్లెక్కకుండా నోటీసు దశలోనే డబ్బిచ్చి ముగించుకున్నవి ఇందులో లేవు.

వ్యాపారుల ఫిర్యాదు పూర్తిగా ఉత్తిది కాదు. కొద్దిమంది లాయర్లే వందల కేసులు వేశారు. ఒకే పిటిషన్లో సంస్థ పేరు మార్చి దాఖలు చేసిన సందర్భాలున్నాయి. ఏడీఏ కింద ప్రైవేటు వ్యక్తికి నష్టపరిహారం రాదు, లాయరు ఖర్చులు మాత్రం వస్తాయి. కాలిఫోర్నియాలోనైతే రాష్ట్ర చట్టం కింద కనీసం 4,000 డాలర్ల పరిహారం అడగవచ్చు. చిన్న షాపు యజమానికి నోటీసు వస్తే వాదించడం కన్నా రాజీ పడటమే చవక.

సరిగ్గా ఇక్కడే కొనేవాడు మారిపోయాడు. నిబంధన అంటూ ఉంటే అది సైట్ కట్టే డెవలపర్ బల్ల మీదికి వెళ్లేది. ఫలానా తేదీకల్లా ఫలానా ప్రమాణం అందుకోవాలి అని పని రూపంలో ఉండేది. నోటీసు మాత్రం యజమాని చేతికి వస్తుంది. చూపులేని కస్టమర్ తన సైట్లో ఎక్కడ ఆగిపోతున్నాడో అని ఆయన ఆలోచించడు. ఈ టెన్షన్ ఎంత తొందరగా వదుల్తుంది అని ఆలోచిస్తాడు. ఒక్క లైను కోడ్, నెలవారీ చందా, 48 గంటల్లో పని పూర్తి అని చెప్పే సరుకు ఆయన కోసమే తయారైంది. ఓవర్‌లేలు అంతకుముందూ ఉన్నాయి గానీ, ఈ మార్కెట్లో పెద్ద పేరైన యాక్సెస్‌బీ మొదలైంది 2018లో.

మరి వాడేవాళ్లు ఏమంటున్నారు? జాస్, ఎన్‌వీడీఏ, వాయిస్‌ఓవర్ లాంటి స్క్రీన్ రీడర్ చూపులేనివాళ్ల దగ్గర ముందే ఉంటుంది. వేగం, గొంతు, షార్ట్‌కట్‌లు ఎవరికి నచ్చినట్టు వాళ్లు సర్దుకుని ఉంటారు. అక్షరాల సైజు మార్చుకునే ఏర్పాటు బ్రౌజర్లోనే ఉంటుంది. అంటే ఓవర్‌లే మెనూలో చూపించేది చాలావరకు వాళ్ల దగ్గర ఉన్నదే. వాళ్ల దగ్గర లేనిది సైట్ లోపల ఉండాల్సిన సమాచారం. పేరు లేని గడిలో ఫోన్ నంబరు రాయాలో పిన్‌కోడ్ రాయాలో బయటి స్క్రిప్ట్ ఊహించాల్సిందే. బొమ్మల వివరణా అంతే. గ్రాఫ్ కనిపిస్తే అది గ్రాఫ్ అని చెప్పగలదు. అందులో ఏ గీత పెరిగింది, ఆ పేజీలో అది ఎందుకుంది అన్నది రాసినవాడికే తెలుసు. పైగా కొన్ని ఓవర్‌లేలు స్క్రీన్ రీడర్ ఆజ్ఞలకు అడ్డం పడి, అంతకుముందు పనిచేసిన పేజీని కూడా పాడుచేశాయని ఫిర్యాదులు వచ్చాయి. విసిగిపోయి ఈ స్క్రిప్ట్‌లను బ్లాక్ చేసుకునేవాళ్లున్నారు. అందుకోసం యాక్సెసిబైబై అనే బ్రౌజర్ ఎక్స్‌టెన్షనే పుట్టింది. ఎవరి కోసం తయారుచేశామని చెప్పుకున్నారో వాళ్లే తీసేసుకుంటున్న సరుకన్న మాట.

2021 జూన్‌లో అమెరికా అంధుల జాతీయ సమాఖ్య తమ మహాసభలకు యాక్సెస్‌బీ స్పాన్సర్‌షిప్ వద్దని చెప్పేసింది. ఆ సంస్థ తీరు సమాజంలో అంధుల ముందడుగుకు హాని చేస్తోందని బోర్డు భావించింది. 2023లో యూరోపియన్ డిజేబిలిటీ ఫోరం, ఈ రంగ నిపుణుల సంఘం ఐఏఏపీతో కలిసి ఓవర్‌లేల మీద ఉమ్మడి ప్రకటన ఇచ్చింది. ఓవర్‌లే పెట్టినంత మాత్రాన సైట్ అందరికీ అందుబాటులోకి రాదని, చట్టాన్ని పాటించినట్టూ కాదని దాని సారాంశం.

దావాల నుంచైనా రక్షణ దొరికిందా అంటే అదీ లేదు. 2024లో ఇలాంటి ఓవర్‌లే ఉన్న వెయ్యికి పైగా సంస్థల మీద దావాలు పడ్డాయని యూజబుల్‌నెట్ లెక్కగట్టింది. ఈ కంపెనీ కూడా యాక్సెసిబిలిటీ సేవలు అమ్మేదే, కాబట్టి అంకెను ఆ ఎరుకతోనే చూడాలి.

ఓవర్‌లే కంపెనీల వాదన ఒకటుంది. సైట్‌ను మొదటినుంచి సరిచేయించే స్తోమత చిన్న వ్యాపారులకు ఉండదని, ఏమీ లేకపోవడం కన్నా ఇది నయమని, కృత్రిమ మేధ రోజురోజుకూ మెరుగవుతోందని వాళ్లంటారు. యంత్రం కొన్ని లోపాలు పట్టగలదన్నది నిజమే. 2017లో బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ సర్వీస్ కావాలనే 140కి పైగా లోపాలతో ఓ పేజీ తయారుచేసి తనిఖీ టూల్స్‌ను పరీక్షించింది. వాటిలో అన్నిటికన్నా మెరుగైనది పట్టుకున్నది దాదాపు 40 శాతమే. అది పట్టుకోవడం వరకే, సరిచేయడం తర్వాతి మాట.

2025 జనవరిలో, వినియోగదారుల్ని మోసాల నుంచి కాపాడే అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రంగంలోకి దిగింది. ఏ సైట్‌నైనా డబ్ల్యూసీఏజీకి అనుగుణంగా మార్చేస్తామన్న యాక్సెస్‌బీ ప్రచారం తప్పుదోవ పట్టించేదని, తమతో సంబంధం ఉన్నవాళ్ల సమీక్షలను, ఆ సంబంధం చెప్పకుండా, స్వతంత్ర అభిప్రాయాల్లా చూపించారని ఆరోపించింది. రాజీలో కంపెనీ 10 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. ఏప్రిల్‌లో ఉత్తర్వు ఖరారైంది. ఆధారం లేకుండా అలాంటి మాటలు చెప్పి అమ్మకూడదని అందులో ఉంది. అసలు ఆ సరుకే అమ్మకూడదని మాత్రం లేదు.

2017లో వదిలేసిన పనిలో సగం 2024 ఏప్రిల్‌లో పూర్తయింది. డబ్ల్యూసీఏజీ 2.1లో ఏఏ అనే మధ్య స్థాయిని అందుకోవాలని న్యాయశాఖ నిబంధన తెచ్చింది. అది రాష్ట్ర, స్థానిక ప్రభుత్వాల సైట్లకే వర్తిస్తుంది. నోటీసులు అందుకుంటూ ఓవర్‌లేలు కొంటున్న దుకాణాలు, హోటళ్లు, రెస్టారెంట్లు అందులో లేవు.