మెయిల్‌లో వచ్చిన అగ్రిమెంటుకి విలువెంత?

మా బావ డల్లాస్‌లో ఉంటాడు. 2019లో గుంటూరు పక్కన ఒక ప్లాటు మాట్లాడుకున్నాడు. అమ్మే ఆయన మెయిల్‌లో పంపిన అగ్రిమెంటుని ప్రింట్ తీసి, సంతకం పెట్టి, స్కాన్ చేసి తిరిగి పంపితే, ఆయన ఆ స్కాన్‌ని ప్రింట్ తీసుకుని తన సంతకం పెట్టి మళ్లీ స్కాన్ పంపాడు. ఆర్నెల్లకి రేట్లు పెరిగాయి, ఆయన మాట మార్చాడు. లాయరుగారి దగ్గరికి వెళ్తే ముందు అడిగింది "ఒరిజినల్ ఏది?" అని. చూసుకుంటే ఇద్దరి సంతకాలూ సిరాతో ఉన్న కాగితం ఒక్కటీ లేదు. బ్యాంకు ద్వారా ఇచ్చిన అడ్వాన్సు వెనక్కి రాబట్టుకోవడానికే రెండేళ్లు పట్టింది.

దీని వెనక పెద్ద కథే ఉంది. మన ఐటీ (ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ) చట్టం 2000 అక్టోబరు 17న అమల్లోకి వచ్చింది. ఎలక్ట్రానిక్ రికార్డుకి కాగితంతో సమాన హోదా ఇచ్చింది 4వ సెక్షన్, డిజిటల్ సంతకానికి గుర్తింపు ఇచ్చింది 5వ సెక్షన్. కానీ అదే చట్టం మొదటి సెక్షన్‌లోనే కొన్ని పత్రాలకి ఇదేమీ వర్తించదని తేల్చేసింది: వీలునామా, ట్రస్టు, పవర్ ఆఫ్ అటార్నీ, ప్రామిసరీ నోటు లాంటివి, వాటితో పాటు స్థిరాస్తి అమ్మకం ఒప్పందం. 2008 సవరణతో ఈ జాబితా మొదటి షెడ్యూల్‌లోకి మారింది తప్ప అందులోంచి భూమి బయటికి రాలేదు.

నన్ను ఎక్కువ బాధపెట్టేది ఏంటంటే, స్థిరాస్తి అమ్మకం ఒప్పందం రాతలోనే ఉండాలన్న నియమం లేదని, గట్టిగా రుజువు చేయగలిగితే నోటిమాట కూడా చెల్లుతుందని సుప్రీంకోర్టు 1990లోనే బ్రిజ్‌మోహన్, సుగ్రా బేగం కేసులో చెప్పింది. అంటే నోటిమాటకి దారి ఉంది, తేదీ, టైముతో సహా రాసుకున్న మెయిల్‌కి మాత్రం అప్పట్లో ఐటీ చట్టం అండ లేదు. అదే సుప్రీంకోర్టు 2010లో ట్రైమెక్స్, వేదాంత కేసులో మెయిళ్ల మీదే కుదిరిన బాక్సైట్ ఒప్పందం చెల్లుతుందని తేల్చింది. ఖనిజానికి దక్కిన ఆ వెసులుబాటు ఇల్లు కొనుక్కునేవాడికి దక్కడానికి ఇంకో పన్నెండేళ్లు పట్టింది. 2022 సెప్టెంబరు 26 నాటి నోటిఫికేషన్‌తో కేంద్రం స్థిరాస్తి ఒప్పందాన్ని ఆ జాబితా నుంచి తీసేసింది. వీలునామా, ట్రస్టు మాత్రం ఇంకా అందులోనే ఉన్నాయి.

ఈ వార్త చూసి "ఇక మెయిల్‌లోనే ప్లాటు కొనేయొచ్చు" అనుకున్నవాళ్లు నాకు తెలుసు. దయచేసి అలా అనుకోకండి. మెయిల్‌లో కుదిరేది ఒప్పందం, అమ్మకం కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 54వ సెక్షన్ ప్రకారం వంద రూపాయలు, అంతకు మించిన స్థిరాస్తి అమ్మకం రిజిస్టరు పత్రం ద్వారానే జరగాలి. అమ్మకం అగ్రిమెంటు ఒక్కదానితో ఆస్తి మీద హక్కు రాదని కూడా అదే సెక్షన్ చెబుతోంది. పైగా మన దగ్గర ఇంకో మెలిక ఉంది: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 1999లో రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించి అమ్మకం అగ్రిమెంటుకి కూడా రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది. అమ్మేవాడు మాట తప్పాడని దావా వేస్తే, రిజిస్టరు చేయని అగ్రిమెంటుని సాక్ష్యంగా చూపించుకునే వీలు ఆ రిజిస్ట్రేషన్ చట్టం 49వ సెక్షన్ ఇస్తుంది, కానీ స్టాంపు డ్యూటీ కట్టకపోతే అక్కడా చిక్కే. బిల్డర్ దగ్గర ఫ్లాట్ కొనేవాళ్లు ఇంకోటి గుర్తుంచుకోవాలి. 2016 నాటి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ) చట్టం 13వ సెక్షన్ ప్రకారం అగ్రిమెంటు రాసి రిజిస్టరు చేయకుండా బిల్డర్ 10 శాతానికి మించి తీసుకోకూడదు.

కోర్టులో మెయిల్ చూపించాలంటే ఉత్త ప్రింటవుట్ సరిపోదు, ఆ ఎలక్ట్రానిక్ రికార్డుని ధ్రువీకరించే సర్టిఫికెట్ కూడా జతచేయాలి. ఇదివరకు దీనికి సాక్ష్య చట్టం 65బి ఉండేది, 2024 జులై 1 నుంచి దాని స్థానంలో భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ వచ్చింది. అందుకే అసలు మెయిల్‌ని డిలీట్ చేయకండి, ఫార్వర్డ్ చేసిన కాపీని నమ్ముకోకండి.

బావ రెండోసారి కొన్నప్పుడు ముందు హ్యూస్టన్‌లోని ఇండియా కాన్సులేట్‌కి వెళ్లి మామయ్య పేరు మీద పవర్ ఆఫ్ అటార్నీ అటెస్ట్ చేయించి కొరియర్‌లో పంపాడు. అది ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు స్టాంపు వేయించాలి కాబట్టి మామయ్య ఆ వారమే ఆ పని ముగించి, అగ్రిమెంటు రిజిస్ట్రేషన్‌కి తనే సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో కూర్చుని వేలిముద్ర వేసి వచ్చాడు.