మహమ్మారి తర్వాత బస్సులు, మెట్రోలు: జనం నమ్మేవి, నిజంగా జరిగినవి

నగరాల్లో బస్సులకూ మెట్రోలకూ టైంటేబుళ్లు వేసే పని నాది. ఏ స్టాపులో ఎంతమంది ఎక్కుతున్నారు, ఏ ట్రిప్పు ఖాళీగా తిరిగొస్తోంది అని చూసుకుంటూ ఉండటమే ఉద్యోగం. 2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించాక మా లెక్కలన్నీ తలకిందులయ్యాయి. అందులో వింతేమీ లేదు. ఆనాటి కంగారులో పుట్టిన నమ్మకాలు ఇప్పటికీ మీటింగుల్లో నిజాలుగా చెలామణి అవుతున్నాయి, వాటినే సాకుగా చూపి రూట్లు ఎత్తేస్తున్నారు. నాకు గుచ్చుకునేది అదీ.

అపోహ: రోగాన్ని ఊరంతా పంచిపెట్టింది బస్సులూ మెట్రోలే.

వాస్తవం: బస్సులో సోకదని ఎవరూ అనరు. 2020 జనవరిలో చైనాలోని జెజియాంగ్ రాష్ట్రంలో ఓ బస్సు 68 మందిని ప్రార్థనకు తీసుకెళ్లి తీసుకొచ్చింది. రానూపోనూ 100 నిమిషాలు. ఒకరికి అప్పటికే కోవిడ్ ఉంది. ఏసీ లోపలి గాలినే తిప్పి తిప్పి వదులుతోంది. మరో 23 మందికి అంటుకుంది, వాళ్లలో ఆ మనిషికి చాలా దూరంగా కూర్చున్నవాళ్లూ ఉన్నారు. అయితే ఎవరు ఎక్కడ కూర్చున్నారో చూపే పటం ఇంకో సంగతి చెబుతుంది. తెరుచుకునే కిటికీల పక్కన ఉన్నవాళ్లలో ఒక్కరికే వచ్చింది. తలుపు దగ్గర కూర్చున్నవాళ్లకూ, డ్రైవరుకూ రాలేదు.

చైనా హైస్పీడ్ రైళ్ల మీద జరిగిన పెద్ద పరిశీలన కూడా ఇటే చూపిస్తుంది. రోగికి మూడు వరుసల లోపల కూర్చున్నవాళ్లలో సగటున వెయ్యికి ముగ్గురికి సోకింది. పక్క సీటులోనే ఉన్నవాళ్లలో వందకు ముగ్గురు నలుగురు. కలిసి ప్రయాణించే గంటలు పెరిగేకొద్దీ ముప్పూ పెరిగింది. రోగి లేచి వెళ్లాక అదే సీటులో కూర్చున్నవాళ్లకు సోకడం మాత్రం చాలా అరుదు.

కాబట్టి బండి పేరు చూసి భయపడితే లాభం లేదు. గాలి ఎంత మారుతోంది, ఎంతసేపు కూర్చుంటున్నాం, ఎంతమంది నోరు విప్పి మాట్లాడుతున్నారు అన్నదే లెక్క. న్యూయార్క్ సబ్‌వే (అక్కడి మెట్రో) పెట్టెల్లో గాలి గంటకు కనీసం 18 సార్లు మారుతుందని దాన్ని నడిపే సంస్థ చెప్పింది. చాలా ఆఫీసు గదులకు అంత భాగ్యం లేదు.

అపోహ: రాడ్లూ సీట్లూ మందుపెట్టి తుడిస్తే చాలు.

2021 ఏప్రిల్‌లోనే అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ తేల్చి చెప్పింది: వైరస్ ఉన్న వస్తువును ఒకసారి తాకితే సోకే అవకాశం పదివేలలో ఒకటి కంటే తక్కువ. న్యూయార్క్ అయితే శుభ్రం చేయడానికని 2020 మే 6 నుంచి రాత్రి ఒంటిగంట మొదలు అయిదింటి దాకా సబ్‌వేను మూసేసింది. మళ్లీ 24 గంటల రైళ్లు వచ్చింది 2021 మే 17న. రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయేవాళ్లు ఏడాదికి పైగా వేరే దారి వెతుక్కున్నారు. తుడవొద్దని నేననను, శుభ్రంగా ఉన్న బండే ఎవరికైనా ఎక్కబుద్ధవుతుంది. కాకపోతే స్ప్రే కొడుతున్న ఫొటో పేపర్లో బాగా వస్తుంది, కొత్తగా మార్చిన గాలి ఫిల్టరును ఎవరూ ఫొటో తీయరు.

అపోహ: ఒకసారి భయపడ్డవాడు మళ్లీ బస్సెక్కడు.

వాస్తవం: భయం అనుకున్నదానికంటే త్వరగా దిగిపోతుంది. 2003లో సార్స్ అనే శ్వాస రోగం ముదిరినప్పుడు తైవాన్ రాజధాని తైపే మెట్రోలో ప్రయాణికులు దాదాపు సగానికి పడిపోయారు, కేసులు తగ్గగానే తిరిగొచ్చారు. ఇంకా వెనక్కి వెళ్తే 1918 ఇన్‌ఫ్లుయెంజా ఉంది. న్యూయార్క్ ఆరోగ్య కమిషనర్ రాయల్ కోప్‌లాండ్ సబ్‌వేల్లో రద్దీ తగ్గాలని దుకాణాలూ ఆఫీసులూ వేర్వేరు వేళల్లో తెరవాలని ఆదేశించాడు. ఆ తర్వాత జనం ట్రాములకు దూరమైపోలేదు. అమెరికా మొత్తమ్మీద ప్రజా రవాణా వాడకం 1926 నాటికి ఇంకా పెరిగింది. 2022 వేసవిలో జర్మనీ నెలకు 9 యూరోల టికెట్ పెడితే మూడు నెలల్లో సుమారు 5 కోట్ల 20 లక్షలు అమ్ముడుపోయాయి. కోవిడ్ అప్పటికింకా పోలేదు.

అపోహ: లాక్‌డౌన్‌లో అందరూ ప్రయాణాలు మానేశారు.

2020 ఏప్రిల్‌లో న్యూయార్క్ సబ్‌వేలో ప్రయాణికులు 90 శాతానికి పైగా తగ్గారు, లండన్ మెట్రో అయిన ట్యూబ్‌లో సుమారు 95 శాతం. ఇక్కడ మిగిలినవాళ్లెవరో చూడాలి. నర్సులు, పారిశుద్ధ్య కార్మికులు, సెక్యూరిటీ గార్డులు, కిరాణా దుకాణాల్లో పనిచేసేవాళ్లు. ఆఫీసుల వైపు పోయే రైళ్లు ఖాళీ అయినంతగా బస్సులు ఖాళీ కాలేదు. తెల్లవారుజామున మొదటి ట్రిప్పులో ఎక్కేవాళ్లలో చాలామంది మునుపటిలాగే ఎక్కారు, ఎందుకంటే వాళ్లకు ఇంటి నుంచి చేసే పని లేదు, సొంత బండి లేదు. న్యూయార్క్‌లో డ్రైవర్లను కాపాడేందుకు మార్చి 23 నుంచి ఆగస్టు చివరి దాకా వెనక తలుపు నుంచి ఎక్కించుకున్నారు. టికెట్ పెట్టె ముందు తలుపు దగ్గరే ఉంటుంది కాబట్టి బస్సు ఉచితమైంది.

దూరం దూరంగా నిలబెట్టి మెట్రో నడపొచ్చన్నది కూడా ఆనాటి భ్రమే. రెండు మీటర్ల ఎడం పాటిస్తే, రైళ్లన్నీ తిప్పినా మామూలు రద్దీలో 13 నుంచి 15 శాతం మందినే తీసుకెళ్లగలమని లండన్ రవాణా సంస్థ అప్పుడే చెప్పింది.

అపోహ: ఇంటి నుంచి పని వచ్చాక పీక్ అవర్ పోయింది.

వాస్తవం: పోలేదు, మంగళ బుధ గురువారాల్లోకి సర్దుకుంది. వారానికి రెండు మూడు రోజులు ఆఫీసుకు రమ్మంటే ఎక్కువమంది ఎంచుకునేవి ఆ రోజులే. సోమ, శుక్రవారాలు పలచబడ్డాయి. మాకు ఇది పెద్ద చిక్కు. రైళ్లూ బస్సులూ సిబ్బందీ అత్యంత రద్దీ ఉన్న గంటకు సరిపడా ఉండాలి. ఆ గంట వారంలో అయిదు రోజులు వచ్చినా, మూడు రోజులే వచ్చినా కొనాల్సిన పెట్టెలు అవే. ఖర్చు అంతే, రాబడి తక్కువ.

దీనికి తోడు పాసు సంగతి. నెలకు 22 పనిరోజులంటే 44 ట్రిప్పులు. పాసు 32 టికెట్ల ధరకు వస్తోందనుకోండి, కళ్లు మూసుకుని కొనేస్తారు. వారానికి మూడు రోజులే వెళ్లేవాడికి నెలకు 26 ట్రిప్పులు, పాసు దండగ. అసలు నష్టం ఆ తర్వాత మొదలవుతుంది. పాసు జేబులో ఉన్నవాడు ఆదివారం స్నేహితుడి ఇంటికీ అదే బస్సులో పోతాడు, పైసా ఖర్చు లేదు కాబట్టి. పాసు మానేసినవాడు ప్రతిసారీ లెక్క వేసుకుంటాడు, ఆ లెక్కలో తరచుగా స్కూటరే గెలుస్తుంది. పాసుల అమ్మకం పడిపోయినప్పుడు 'జనం భయపడుతున్నారు' అని రిపోర్టు రాసే సంస్థ తనకు లేని జబ్బుకు మందు వేసుకుంటున్నట్టే.

శుక్రవారం చార్జీ తగ్గిస్తే వస్తారా? లండన్ 2024లో మార్చి నుంచి మే చివరి దాకా శుక్రవారాలు రోజంతా తక్కువ చార్జీ పెట్టి చూసింది. చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. ఆఫీసుకు ఏ రోజు వెళ్లాలో నిర్ణయించేది టికెట్ ధర కాదు, టీమ్ ఏ రోజు కలుస్తుందన్నది. వేళ మార్చడం మాత్రం కొంచెం తేలిక. జపాన్‌లో జేఆర్ ఈస్ట్ అనే రైలు సంస్థ 2023 మార్చిలో ఉదయపు రద్దీ వేళను వదిలేసి ప్రయాణించేవాళ్లకు చవక పాసు తెచ్చింది. నాకైతే ఈ దారే నచ్చింది.

అపోహ: జనమంతా సైకిళ్లకు మారిపోయారు.

మారింది కొందరే. కొలంబియా రాజధాని బొగోటా 2020 మార్చిలోనే తాత్కాలిక సైకిలు దారులు గీసింది, పారిస్ కూడా గీసి చాలావాటిని శాశ్వతం చేసింది. దారి ఉంచిన చోట సైకిలు నిలిచింది.

అపోహ: ప్రయాణికులు తగ్గారు కాబట్టి ట్రిప్పులు తగ్గించాలి.

పది నిమిషాలకో బస్సు ఉంటే సగటున అయిదు నిమిషాలు ఆగాలి. ఇరవై నిమిషాలకు ఒకటైతే పది. మధ్యలో బస్సు మారాల్సి వస్తే ఆగే సమయమే ఇరవై నిమిషాలవుతుంది. అప్పుడు ఇంకొందరు మానేస్తారు, ఆ సంఖ్య చూపించి మరో ట్రిప్పు తీసేస్తారు. 2020 మార్చిలో అమెరికా ప్రభుత్వం ప్రజా రవాణాకు 2,500 కోట్ల డాలర్లు ఇవ్వడంతో చాలా నగరాల్లో ఈ జారుడు ఆగింది. శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతపు రైలు సంస్థ బార్ట్ ఆఫీసు ప్రయాణికుల మీదే బతికింది, అందుకే మిగతావాటికంటే గట్టి దెబ్బ తింది. 2023 సెప్టెంబరులో అది టైంటేబులే తిరగరాసింది. రైళ్ల పొడవు తగ్గించింది, రాత్రిళ్లూ శని ఆదివారాలూ రైళ్లు పెంచింది. ఎప్పుడు వచ్చినా, ఏ లైనులోనైనా ఇరవై నిమిషాల లోపు రైలు దొరికేలా చేసింది. బదులుగా పగటిపూట కొన్ని లైన్లలో రైళ్లు తగ్గాయి. రూటు రద్దు చేద్దామన్న ఫైలు నా బల్ల మీదికి వస్తే, మొత్తం ప్రయాణికులెంతమంది అన్న వరుస దాటేసి, ఆదివారం సాయంత్రం ఆరింటికి ఎంతమంది ఎక్కారన్న వరుస దగ్గర మొదలుపెడతాను.