శాతం కుదిరితే అడవి భద్రమేనా?

"నేలలో 30 శాతాన్ని రక్షించాలన్న లక్ష్యం చేరితే చాలు కదా, ఇంకా గ్యాప్ ఏమిటి?" అడవులకు గ్యాప్ అనాలిసిస్ చేసే, అంటే ఏ రకం అడవికి రక్షణ అందలేదో మ్యాపుల మీద వెతికే నాకు ఈ ప్రశ్న వినీ వినీ విసుగొచ్చింది.

అపోహ: శాతం కుదిరితే అడవి భద్రం.

వాస్తవం: శాతం 'ఎంత' అన్నదే చెబుతుంది, 'ఏది' అన్నది చెప్పదు. 2020 ఎఫ్‌ఏఓ (ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ) లెక్కలో ప్రపంచ అడవుల్లో 18 శాతం రక్షిత ప్రాంతాల్లో ఉన్నాయి. బాగానే ఉంది. కానీ ఆ హద్దులు ఎక్కువగా ఎక్కడ గీశారు? ఎత్తైన కొండల మీద, రోడ్లకు దూరంగా, సాగుకు పనికిరాని నేలలో. ఎవరూ గొడ్డలి పట్టుకుని వెళ్లని చోట బోర్డు పాతడం తేలికే. మంచి మట్టి ఉన్న పల్లపు అడవులే బయట మిగిలిపోతాయి. 1980ల్లో హవాయిలో జీవశాస్త్రవేత్త మైకేల్ స్కాట్ అరుదైన అడవి పక్షుల ఆవాసాల మ్యాప్‌ను రిజర్వుల మ్యాప్ మీద పరిచి చూస్తే, రెండూ దాదాపు కలవలేదు. మా పని మొదలైందే అక్కడ. అందుకే మొత్తం శాతం పక్కన పెట్టి, ఒక్కో అటవీ రకానికి విడిగా లెక్క తీస్తాం.

కొత్తలో నేనూ బోల్తా పడ్డాను. జాతీయ పార్కు, దాని మీదే వారసత్వ ప్రదేశం, మళ్లీ దాని మీదే రామ్‌సర్ (చిత్తడి నేలల ఒప్పందం) హద్దు. ఒకే అడవికి మ్యాప్‌లో మూడు పాలిగాన్లు, అంటే మూడు హద్దు ఆకారాలు. డిజాల్వ్ చేయకుండా, అంటే ఒకదాని మీద ఒకటి పడ్డవాటిని ఒకటిగా కలపకుండా, విస్తీర్ణాలు కూడేశాను. ఒక అటవీ రకానికి రక్షణ వంద శాతం దాటింది! వంద దాటింది కాబట్టి దొరికిపోయాను. ఇరవై కాస్తా నలభై అయ్యుంటే రిపోర్టులో అలాగే వెళ్లిపోయేది.

అపోహ: శాటిలైట్‌లో పచ్చగా ఉంటే అడవే. పామాయిల్ తోట కూడా పచ్చగానే ఉంటుందండీ.

అపోహ: రక్షిత ప్రాంతాలన్నీ ఒకటే. కాదు. 2009 నాటి ఒక అధ్యయనంలో ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ రక్షిత ప్రాంతాలకు పెట్టిన ఆరు కేటగిరీలూ కలిపితే 13.5 శాతం అడవులకు రక్షణ ఉంది, కట్టుదిట్టమైన మొదటి నాలుగే తీసుకుంటే 7.7.

అపోహ: గ్యాప్ అని తేలితే ఊరు ఖాళీ చేయిస్తారు.

ఈ భయాన్ని మాత్రం కొట్టిపారేయను, అలా జరిగిన చోట్లున్నాయి. కానీ గ్యాప్ అంటే పార్కే పెట్టాలని కాదు. 2022 కున్‌మింగ్-మాంట్రియల్ జీవవైవిధ్య ఒప్పందం 30 శాతం లక్ష్యంలోనే ఆదివాసీల, స్థానికుల హక్కులను గౌరవించాలని రాసుంది. ఒక సమావేశంలో ఓ పెద్దాయన మ్యాప్‌లో గ్యాప్ అని నేను వేసిన ఎర్ర మచ్చ మీద వేలు పెట్టి, "దీన్ని మా తాతల నుంచి కాస్తున్నాం, ఎవరూ కాయట్లేదని ఎవరు చెప్పారు?" అన్నారు. ఎవరూ చెప్పలేదు. మా డేటాబేస్‌లో ఆ ఊరి పేరు లేదు, అంతే.