రోమ్‌లోనూ గట్టిమేళం ఉండేది

పెళ్లిలో మాంగల్యధారణ వేళకి పురోహితుడు చేయెత్తి "గట్టిమేళం, గట్టిమేళం" అంటాడు. అంతదాకా నెమ్మదిగా సాగుతున్న సన్నాయి, డోలు ఒక్కసారిగా హోరెత్తుతాయి. ఆ క్షణంలో ఎవరి తుమ్మూ, ఎవరి అపశకునపు మాటా వినపడకూడదని పెద్దలు చెబుతారు. ప్రాచీన రోమ్‌లోనూ బలి ఇచ్చే చోట ఇదే పనికి ఒక వాయిద్యగాడు ఉండేవాడు. పూజారి ప్రార్థన ఒక్క మాట కూడా తప్పకుండా సాగాలి, మధ్యలో మరో శబ్దం చెవిన పడకూడదు. అందుకే పక్కన వాయిద్యం మోగుతూ ఉంటుందని క్రీ.శ. 1వ శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ రాశాడు.

ఆ వాయిద్యం పేరు టిబియా. చాలా చోట్ల దీన్ని వేణువు అని రాసేస్తుంటారు. అది సరికాదు. రెల్లు పీక పెట్టి ఊదేది కాబట్టి ఇది మన సన్నాయికే దగ్గర చుట్టం. అయితే సన్నాయి ఒకటే గొట్టం, ఇది జంట. రెండు గొట్టాలూ ఒకేసారి నోట పెట్టుకుని, ఒక్కో చేత్తో ఒక్కోదాన్ని వాయించేవారు. బుగ్గలు పట్టు తప్పకుండా కొందరు ముఖానికి తోలు పట్టీ కట్టుకునేవారు. పాంపే అనే పాత రోమన్ పట్టణంలో దొరికిన టిబియాల మీద లోహపు కడియాలున్నాయి. వాటిని తిప్పి, కావలసిన రంధ్రాలు తెరిచి, అక్కర్లేనివి మూసేవారు.

ఈ మేళగాళ్లు లేకపోతే ఏమవుతుందో రోమ్‌కి క్రీ.పూ. 311లో తెలిసొచ్చింది. రోమన్ల పెద్ద దేవుడు జూపిటర్ గుడిలో విందు చేసుకునే హక్కు వాళ్లకి పాత రోజుల నుంచీ ఉంది. ఆ కాలపు అధికారులు దాన్ని రద్దు చేశారు. మేళగాళ్లు ఒక్కమాట మీద నిలబడి, అందరూ కలిసి పక్కనున్న టిబూర్ పట్టణానికి వెళ్లిపోయారు. ఇప్పటి టివోలీ అదే. బలులకి వాయించేవాడు లేడు. రోమ్ పెద్దల సభ సెనేట్‌కి టెన్షన్ పట్టుకుని, వాళ్లని ఎలాగైనా వెనక్కి పంపమని టిబూర్‌కి దూతల్ని పంపింది. నచ్చజెబితే వినలేదు. పండగరోజున టిబూర్ వాళ్లు పాటకచేరీ పేరుతో తలా ఒకరిని ఇంటికి పిలిచి, బాగా తాగించి, నిద్రలో ఉండగానే బండ్ల మీద రోమ్‌కి చేర్చేశారు. తెల్లారి కళ్లు తెరిస్తే నగరం నడిబొడ్డున ఉన్నారు. జనం చుట్టూ మూగి, ఉండిపొమ్మని బతిమాలారు. విందు హక్కు తిరిగి దక్కింది. పైగా ఏటా 3 రోజులు వేషాలు కట్టి పాడుకుంటూ ఊరంతా తిరిగే హక్కు కూడా వచ్చింది. చరిత్రకారుడు లివీ దీన్ని చిన్న విషయంగా భావించి, మతంతో ముడిపడింది కాబట్టే చెబుతున్నానన్నాడు. నాకు మాత్రం యుద్ధాల కథల కన్నా ఇదే పెద్దదిగా కనిపిస్తుంది. వాయించేవాళ్లు కలిసికట్టుగా పని ఆపి గెలిచిన కథ ఇంత పాతది మరోటి ఎక్కడుంది?

గుడి దాటితే నాటకశాల. టెరెన్స్ రాసిన హాస్యనాటకాలతో పాటు వాటి ప్రదర్శన వివరాలు కొన్ని మన దాకా వచ్చాయి. ఏ పండగలో ఆడారు, ఏ రకం టిబియాలు వాడారు అన్న వాటి పక్కనే సంగీతకర్త పేరు కూడా ఉంది: ఫ్లాకస్, క్లాడియస్ బానిస. ఒక మనిషికి సొత్తుగా బతికినవాడు ఊరంతా వినే బాణీలు కట్టాడు. ఆ బాణీల్లో ఒక్కటీ మిగల్లేదు, పేరు మిగిలింది. పాట జనానికి ఎంత ఒంటబట్టేదో రోమన్ వక్త సిసెరో మాటల్లో తెలుస్తుంది. టిబియా మొదటి ఊపిరి వినగానే ఇది ఫలానా నాటకమని తెలిసినవాళ్లు చెప్పేసేవారట. మనం పాత సినిమా పాటని మొదటి బిట్‌లోనే పట్టేసినట్టు. మార్చి నెల పండగకి టైబర్ నది ఒడ్డున జనం గడ్డి మీద కూర్చుని, తాగుతూ, నాటకశాలలో నేర్చుకున్న పాటలు చేతులూపుతూ పాడుకునేవారని కవి ఓవిడ్ రాశాడు.

క్రీ.పూ. 22 ప్రాంతంలో పిలడీస్, బాతిల్లస్ అనే ఇద్దరు కళాకారులు రోమ్‌ని ఊపేశారు. వాళ్లది పాంటొమైమ్. నోరు మూసి ఉన్న ముసుగు తొడుక్కుని ఒక్క నర్తకుడే కథలోని పాత్రలన్నీ అభినయిస్తాడు. వెనక గాయకబృందం కథ పాడుతుంది. ఒకడు చెప్పులా కాలికి కట్టుకున్న చెక్కతాళంతో లయ కొడతాడు. కూచిపూడిలో నర్తకి అభినయిస్తుంటే వెనక నట్టువాంగం, గాత్రం నడిపించే తీరు చూసినవాళ్లకి ఇది అర్థం చేసుకోవడం కష్టం కాదు. చక్రవర్తి నీరో కాలంలో నల్లసముద్రపు ఒడ్డు నుంచి వచ్చిన ఒక రాజు, పాట భాష తెలియకపోయినా అభినయం చూసి కథంతా గ్రహించి, ఆ నర్తకుణ్ణి తనకి కానుకగా ఇమ్మని అడిగాడట. చుట్టుపక్కల తెగల భాషలు తనకి రావు, ఇతను ఉంటే దుబాసీ అక్కర్లేదన్నాడని గ్రీకు రచయిత లూసియన్ చెబుతాడు.

ఇంత మోజున్న కళాకారులకి చట్టం మాత్రం పరువు ఇవ్వలేదు. రంగం మీద డబ్బుకి ఆడేవాడు అప్రతిష్ఠ పాలైనవాడి కింద లెక్క, పౌరుడైనా సరే. క్రీ.శ. 15లో సెనేట్ ఒక తీర్మానం చేసింది. సెనేటర్లు పాంటొమైమ్ కళాకారుల ఇళ్లకి వెళ్లకూడదు, గొప్పింటివాళ్లు వీధిలో వాళ్ల వెంట నడవకూడదు. అంటే అప్పటికే వెళుతున్నారు, నడుస్తున్నారు. క్రీ.శ. 23లో వీళ్లని ఇటలీ నుంచే వెళ్లగొట్టారు. నీరో తానే వేదికెక్కి పాడినప్పుడు పెద్దలు సిగ్గుపడింది అందుకే. గొంతు కోసం అతను ఛాతీ మీద సీసపు పలక పెట్టుకుని పడుకునేవాడు. రోమ్ తగలబడుతుంటే ఫిడేలు వాయించాడన్నది మాత్రం కట్టుకథ, ఫిడేలు ఆ రోజుల్లో లేనే లేదు. అతను మీటింది కితార అనే తీగవాయిద్యం.

ఈ సంగీతం మన వైపు కూడా ఓడెక్కింది. మచిలీపట్నం ప్రాంతపు సన్నబట్టల్ని మెచ్చుకున్న పెరిప్లస్ అనే 1వ శతాబ్దపు గ్రీకు నావికుల పుస్తకం, భరుకచ్ఛం (ఇప్పటి గుజరాత్‌లోని భరూచ్) రేవులో రాజుకి ఇచ్చే కానుకల జాబితా కూడా చెబుతుంది. వెండి పాత్రలు, మేలిరకం మద్యం, వాటి మధ్య పాటలు వచ్చిన బానిస పిల్లలు. ఆ పిల్లలు ఇక్కడికొచ్చి ఏ పాట పాడుకున్నారో అని చదివిన ప్రతిసారీ మనసు కలుక్కుమంటుంది.

ఇప్పటి బుడాపెస్ట్‌లో రోమన్ల అక్వింకమ్ పట్టణ శిథిలాలున్నాయి. 1931లో అక్కడొక కాలిపోయిన భవనం నేలమాళిగలో గొట్టాల్లోకి గాలి పంపి మోగించే ఆర్గాన్ అనే వాయిద్యం, చిన్నది, దాని ముక్కలు బయటపడ్డాయి. 4 వరుసల్లో 52 గొట్టాలు. దాన్ని కానుకగా ఇచ్చిన సంవత్సరం క్రీ.శ. 228 అని దాని మీదున్న కంచురేకే చెబుతోంది. అదే ఊళ్లో ఏలియా సబీనా అనే ఆమె రాతి శవపేటిక ఉంది. చనిపోయేనాటికి ఆమెకి పాతికేళ్లు. ఇంపైన గొంతు, బొటనవేలితో తీగలు మీటేది, జనం ముందు నీటి ఆర్గాన్ (నీటి ఒత్తిడితో గాలి అందే ఆర్గాన్) వాయించి మెప్పు పొందింది అని దాని మీద పద్యంలో చెక్కారు. చెక్కించిన భర్త టైటస్ ఏలియస్ జస్టస్ కూడా ఆర్గాన్ వాద్యకారుడే, సైనిక దళంలో జీతానికి వాయించేవాడు. విద్యలో ఆమె భర్తను మించిందన్న మాట కూడా ఆ పద్యంలోనే ఉంది.