తిరుగు ప్రయాణంలో వలస పక్షులు: అపోహలు – వాస్తవాలు

సంక్రాంతి దాటిందంటే మన దగ్గర వలస పక్షుల ఊసే ఉండదు. పత్రికల్లో ఫోటోలన్నీ డిసెంబరులోనే వస్తాయి. పక్షులను లెక్కపెట్టే మేమూ అంతే. ఆసియా నీటి పక్షుల గణన 1987 నుంచి ఏటా జనవరిలోనే జరుగుతోంది. అప్పటికి పక్షులు ఒకచోట కుదురుకుని ఉంటాయి కాబట్టి ఆ నెలను ఎంచుకోవడం సబబే. అయితే ఫిబ్రవరి చివరి నుంచి మే మొదటి వారం దాకా ఏ పక్షి ఎప్పుడు కదిలింది, ఏ చెరువులో ఆగింది, ఏది ఆగకుండా దాటిపోయిందన్నది మన నోటు పుస్తకాల్లో ఖాళీగా మిగిలిపోతోంది. పక్షి ప్రాణానికి అసలు పరీక్ష ఈ వారాల్లోనే. అపోహలూ వీటి చుట్టూనే ఎక్కువ.

అపోహ: మన ఊరి చెట్ల మీద గూళ్లు పెట్టిన కొంగలు సైబీరియా నుంచి వచ్చాయి.

ఇది అన్నిటికన్నా మొండి అపోహ. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం, గుంటూరు పక్కన ఉప్పలపాడు, నెల్లూరు వైపు నేలపట్టు... ఎక్కడికెళ్లినా "సైబీరియా పక్షులు" అన్న మాటే వినిపిస్తుంది. అక్కడ కనిపించే గూడబాతులు (పెలికాన్‌లు), పెయింటెడ్ స్టార్క్‌లు, నత్తగుల్ల కొంగలు దక్షిణాసియా పక్షులు. సైబీరియాతో వాటికి ఏ సంబంధమూ లేదు. నీళ్లు, చేపలు ఎక్కడుంటే అక్కడికి వందల కిలోమీటర్లు తిరుగుతాయి. గూడు పెట్టే కాలానికి నమ్మకమైన చెట్లను వెతుక్కుంటూ మళ్లీ అదే ఊరికి చేరతాయి. పిల్లలు రెక్కలొచ్చి ఎగిరిపోయాక చుట్టుపక్కల చెరువులకు చెదిరిపోతాయి. ఊరివాళ్లకు అది "స్వదేశానికి వెళ్లిపోవడం"గా కనిపిస్తుంది.

దీన్ని తేల్చుకోవడానికి ఒక సులువైన గుర్తు ఉంది. గూడు కట్టి పిల్లలకు మేత పెడుతున్న పక్షి ఉత్తరాది మంచు దేశాల నుంచి వచ్చింది కాదు. అక్కడి నుంచి వచ్చేవి ఇక్కడ తిని, బలం పుంజుకుని, గూడు పెట్టడానికి తిరిగి వెళ్లిపోతాయి. చలికాలం గడపడానికే వస్తాయి తప్ప ఇక్కడ గుడ్లు పెట్టవు.

సైబీరియా పేరు నిజంగా మోసిన సైబీరియన్ క్రేన్ రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌కు వచ్చేది. 2002 తర్వాత అది అక్కడ కనిపించలేదు. సైబీరియా ఆర్కిటిక్ తీరం నుంచి నిజంగా మన దగ్గరికి వచ్చే పక్షి మరొకటి ఉంది. దాన్ని ఎవరూ గుర్తుపట్టరు. దాని పేరు కర్లూ శాండ్‌పైపర్. ఉల్లంకి జాతి, అంటే నీటి అంచు బురదలో మేసే పక్షి. బరువు అరవై గ్రాములు అటూఇటూ. పులికాట్ బురదలో, కోరింగ మడ అడవుల అంచున, కొద్దిగా వంగిన ముక్కుతో ఒండ్రును పొడుచుకుంటూ తిరుగుతుంది. టండ్రా నేల మీద పుట్టిన ఈ పిట్ట మన కాళ్ల ముందు నడుస్తుంటే, మనం తలెత్తి చెట్టు మీది గూడబాతును సైబీరియా అతిథి అంటున్నాం. గూడబాతుకు రక్షణ అక్కర్లేదని కాదు. మన సొంత పక్షి కాబట్టి దాని బాధ్యత ఇంకా ఎక్కువగా మనదే.

అపోహ: కోకిల వసంతంలో వస్తుంది.

రాదు. ఏడాది పొడవునా మన చెట్లలోనే ఉంటుంది. చలికాలంలో గొంతు విప్పదు, గుబురు ఆకుల్లో పండ్లు తింటూ కనబడకుండా ఉండిపోతుంది. గుడ్లు పెట్టే కాలం దగ్గరపడేసరికి మగపక్షి కూయడం మొదలుపెడుతుంది, ఉగాది నాటికి ఆ కూత తారస్థాయికి చేరుతుంది. నల్లటి ఒళ్లు, ఎర్రటి కన్ను ఉన్న మగదే ఆ "కూ" అనేది. ఆడది గోధుమరంగు ఒంటి మీద తెల్ల చుక్కలతో ఉంటుంది. దాని అరుపు వేరు: కిక్ కిక్ మని తొందరగా, పదునుగా. కాకి గూటి దగ్గర ఈ రెండు గొంతులూ ఒకేసారి వినిపిస్తే కాసేపు నిలబడి చూడండి. మగది కాకులను రెచ్చగొట్టి దూరం తీసుకుపోతుంటే ఆడది గూటి వైపు జారుకోవడం కంటపడవచ్చు.

కోకిల వస్తున్నట్టు అనిపించే రోజుల్లోనే అసలు వలస పిట్ట ఒకటి చడీచప్పుడు లేకుండా వెళ్లిపోతుంది. బ్లిత్స్ రీడ్ వార్బ్లర్ అని, పది పన్నెండు గ్రాముల మట్టిరంగు పిట్ట. చలికాలమంతా పెరటి పొదల్లో "చక్... చక్" అంటూ ఉంటుంది. ఎవరూ పట్టించుకోరు. ఏప్రిల్‌లో బయల్దేరే ముందు కొన్ని రోజులు పాట అందుకుంటుంది. చక్ చక్ మధ్యలో ఈలలు, ఇతర పిట్టల అనుకరణలు కలుస్తాయి. ఒక ఉదయం ఆ పొద నిశ్శబ్దంగా ఉంటుంది. రష్యా, మధ్య ఆసియా దారి పట్టిందన్నమాట. మీ పెరట్లో ఆ చప్పుడు ఆఖరిసారి విన్న తేదీ రాసి ఉంచారా? ఆ ఒక్క తేదీ నాకు పది అందమైన ఫోటోల కన్నా విలువైనది.

అపోహ: ఎండ తట్టుకోలేక వెళ్లిపోతాయి.

ఎండ ముదిరే రోజుల్లోనే వెళ్తాయి కాబట్టి ఇలా అనుకోవడం సహజం. కానీ పక్షి ఒంట్లో సన్నాహం ఎండలు మండకముందే మొదలవుతుంది. కెనడాలోని అల్బర్టాలో విలియం రోవన్ అనే శాస్త్రవేత్త 1920ల్లో జుంకో అనే చిన్న పిట్టల మీద ప్రయోగాలు చేశాడు. గడ్డకట్టే చలిలో ఆరుబయట పంజరాల్లో ఉంచి, దీపాలతో పగటి నిడివి కాస్త కాస్త పెంచాడు. వాతావరణం నడి చలికాలమే అయినా వాటి జననాంగాలు వసంతంలో పెరిగినట్టు పెరిగాయి. అంటే వాటిని కదిలించింది పగటి నిడివి, ఉష్ణోగ్రత కాదు.

మన అక్షాంశాల దగ్గర డిసెంబరు పగలు సుమారు 11 గంటలు, జూన్ పగలు సుమారు 13 గంటలు. తేడా తక్కువే. అందుకే ఉష్ణమండలంలో చలికాలం గడిపే పక్షులకు ఒంట్లోని వార్షిక గడియారం కూడా దన్నుగా ఉంటుంది. ఎండ, గాలి, మేత ఏ రోజు బయల్దేరాలో తేల్చవచ్చు. ఏ నెలలో బయల్దేరాలన్నది మాత్రం ముందే లోపల రాసి ఉంటుంది. వెళ్లే చోట వేసవిలో పగలు చాలా పొడవు, పురుగులు విపరీతం. పిల్లల కడుపు నింపడానికి అంతకన్నా మంచి చోటు లేదు.

అపోహ: మార్చిలో కొత్త జాతి పక్షులు కనిపించాయి.

ఏటా ఈ కాలంలో "కొత్త పక్షి దొరికింది సార్, పుస్తకంలో లేదు" అని ఫోటోలు వస్తుంటాయి. చాలావరకు అవి పాత పక్షులే, దుస్తులు మార్చుకున్నాయి. కాకినాడ, విశాఖ తీరాల్లో తిరిగే బ్రౌన్‌హెడెడ్ గల్‌ను చూడండి. డిసెంబరులో తల తెల్లగా, కంటి వెనక ఒక నల్ల మచ్చతో ఉంటుంది. మార్చి వచ్చేసరికి తల మీద ముదురు గోధుమరంగు పాకుతుంది, కొన్నిటికి అతుకులు అతుకులుగా, కొన్నిటికి నిండు టోపీలా. ఒకే గుంపులో ఈ దశలన్నీ పక్కపక్కన నిలబడి ఉంటాయి. చూసేవాళ్లకు మూడు నాలుగు జాతులున్నట్టు అనిపిస్తుంది.

పైన చెప్పిన కర్లూ శాండ్‌పైపర్ కూడా అంతే. చలికాలంలో బూడిదరంగు. ఏప్రిల్‌లో రొమ్ము మీద ఇటుకరాతి ఎరుపు మచ్చలు మచ్చలుగా మొదలై ఒళ్లంతా పరుచుకుంటుంది. పసిఫిక్ గోల్డెన్ ప్లోవర్‌కు పొట్ట నల్లబడుతుంది. అందుకే ఈ నెలల్లో రంగు చూసి పేరు పెట్టకండి. ముక్కు పొడవు, వంపు, కాళ్ల రంగు, నడిచే తీరు, ఎగిరినప్పుడు రెక్క మీద తెల్ల గీత ఉందా లేదా... వీటిని నమ్ముకోండి. ఇవి రుతువును బట్టి అంతగా మారవు.

అపోహ: వలస అంటే పగటిపూట బాణం మొనలా సాగే పెద్ద గుంపు.

పెద్దబాతులు, క్రేన్‌లు అలా వెళ్లడం కనిపిస్తుంది. చిన్న పిట్టల్లో అత్యధికం చీకటి పడ్డాక ఒంటరిగానో, చెదురుమదురుగానో బయల్దేరతాయి. రాత్రి గాలి చల్లగా, నిలకడగా ఉంటుంది. డేగల బెడద తక్కువ. పగలంతా మేతకు మిగులుతుంది. నక్షత్రాలు, భూమి అయస్కాంత క్షేత్రం దారి చూపుతాయి. ఈ కాలంలో రాత్రంతా వెలిగే ఫ్లడ్‌లైట్లు, అద్దాల భవనాలు వాటి దారి తప్పిస్తాయి. ఉదయాన్నే అద్దం కింద చచ్చిపడి ఉన్న పొన్నంకి పిట్టను (ఇండియన్ పిట్టా) చూస్తే కడుపు తరుక్కుపోతుంది. అది దక్షిణాదిలో చలికాలం గడిపి, వానలకు ముందు మధ్య భారతం, హిమాలయ పాదాల వైపు వెళ్లే పిట్ట. దేశం దాటని వలసలు కూడా ఉంటాయని అదే చెబుతుంది. శీతాకాలంలో కాకినాడ తీరంలో కనిపించే ఇండియన్ స్కిమ్మర్ కూడా చంబల్, మహానది లాంటి నదుల ఇసుక మేటల మీదే గూడు పెడుతుంది.

అపోహ: పట్టీ తల బాతులు ఎవరెస్టు మీదుగా ఎగురుతాయి.

బార్‌హెడెడ్ గూస్ మంజీరా లాంటి తెలంగాణ జలాశయాలకు కూడా వచ్చే పక్షి. వసంతంలో హిమాలయాలు దాటి టిబెట్, మంగోలియా వైపు పోతుంది. శిఖరం మీదుగా ఎగురుతుందన్న కథ బాగా పాకింది. ట్రాన్స్‌మిటర్లు కట్టి చూస్తే నమోదైన అత్యధిక ఎత్తు 7,290 మీటర్లు. ఎవరెస్టు 8,848. ఎక్కువ భాగం లోయలను పట్టుకుని, నేల వాలును అనుసరించి ఎక్కుతూ దిగుతూ పోతాయి. అయినా ఆ సాహసం తక్కువది కాదు. భారత్ వైపు నుంచి ఏడెనిమిది గంటల్లో, వెనక నుంచి తోసే గాలి కోసం ఆగకుండా, చల్లగా చిక్కగా ఉండే రాత్రి గాలిలో రెక్కలాడిస్తూ కొండల్ని దాటేస్తాయి. ఇంత ఉండగా అబద్ధపు శిఖరం దేనికి?

అపోహ: మేలో, జూన్‌లో కూడా ఇక్కడే ఉన్న వలస పక్షికి దెబ్బ తగిలి ఉంటుంది.

కొన్నిటికి తగిలి ఉండవచ్చు. కానీ తీరంలో ఉండిపోయే ఉల్లంకుల్లో చాలావరకు తొలి ఏడాది పక్షులు. గూడు పెట్టే వయసు రాలేదు కాబట్టి అంత దూరం వెళ్లిరావడం వాటికి దండగ. బూడిదరంగులోనే ఇక్కడ వేసవి గడిపేస్తాయి. వాటిని పట్టుకుని "చికిత్స" చేయడానికి వెళ్లకండి. జూలై చివరికి ఉత్తరాన పని ముగించుకున్న పెద్దవి తిరిగి దిగడం మొదలవుతుంది.

అపోహ: వెళ్లిపోయే పక్షులే కదా, కాస్త కదిపితే నష్టమేముంది?

నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. ప్రయాణానికి ముందు కొన్ని వారాలు పక్షి తినడం తప్ప మరో పని చేయదు. కొన్ని ఉల్లంకి జాతులు బయల్దేరే నాటికి ఒంటి బరువును దాదాపు రెట్టింపు చేసుకుంటాయి. ఆ కొవ్వే దారి బత్తెం. బార్‌టెయిల్డ్ గాడ్‌విట్‌లో అయితే ఎగరడానికి ముందు జీర్ణాంగాలు కుంచించుకుపోతాయి, మోయాల్సిన బరువు తగ్గడానికి. ఆ జాతి పిల్ల ఒకటి 2022లో అలాస్కా నుంచి టాస్మానియాకు 13,560 కిలోమీటర్లు ఎక్కడా ఆగకుండా ఎగిరింది. అది శరత్కాలపు ప్రయాణం. వసంతంలోనూ లెక్క అదే: ఒంట్లో ఉన్నంత దూరమే పోగలదు.

మార్చి, ఏప్రిల్‌లో చెరువులు అడుగంటుతాయి. నీరు వెనక్కి తగ్గిన చోట బయటపడే తడి బురద ఉల్లంకులకు ఆఖరి విందు. ఆ అంచు ఒక్కోసారి పది పదిహేను అడుగుల వెడల్పు మాత్రమే ఉంటుంది. సరిగ్గా అక్కడే మనం బండి దింపుతాం, డ్రోన్ ఎగరేస్తాం, గుంపు లేస్తే ఫోటో బాగా వస్తుందని చప్పట్లు కొడతాం. గుంపు లేచిన ప్రతిసారీ పోగేసుకున్న కొవ్వు కొంత కరుగుతుంది. మేత మానేసిన నిమిషాలు తిరిగి రావు. పక్షులు తలెత్తి మీ వైపు చూస్తూ మేత ఆపేశాయంటే మీరు అప్పటికే దగ్గరికి వచ్చేశారు. రెండడుగులు వెనక్కి వేసి కూర్చోండి. గట్టు మీద కదలకుండా కూర్చున్నవాళ్ల దగ్గరికి అవే మేసుకుంటూ వస్తాయి. గింజలు చల్లడం కూడా వద్దు. బురదలోని పురుగులే వాటి తిండి.

అపోహ: కాలికి రింగు, వీపు మీద యంత్రం ఉంటే గూఢచారి పక్షి.

ఇలాంటి వార్తలు దేశంలో ఏటా ఎక్కడో ఒకచోట వస్తూనే ఉంటాయి. పాపం ఆ పక్షిని బంధించి స్టేషన్‌కు తీసుకుపోతారు. ఆ రింగు పరిశోధకులు వేసినది. అమూర్ డేగలు హిందూ మహాసముద్రాన్ని దాటి దక్షిణాఫ్రికా దాకా పోతాయని, వసంతంలో మళ్లీ అంత దూరం వస్తాయని 2013లో నాగాలాండ్‌లో వాటికి కట్టిన చిన్న ట్రాన్స్‌మిటర్లు చూపించాయి. నూట యాభై గ్రాముల పక్షి చేసే ప్రయాణం అది.

రింగు ఉన్న పక్షి కనిపిస్తే పట్టుకోవద్దు. రంగు జెండా (కాలికి తొడిగే చిన్న ప్లాస్టిక్ పట్టీ) అయితే ఏ కాలికి, ఏ రంగు మీద ఏ రంగు, అక్షరాలేమిటో ఫోటో తీయండి. చనిపోయి దొరికితే లోహపు రింగు మీది అంకెలన్నీ, చిరునామాతో సహా, రాసుకోండి. తేదీ, చోటు జోడించి ముంబైలోని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపండి. బతికుండి వలలో చిక్కుకున్నదైతే అటవీశాఖకు కబురు చేయండి. రింగు లేని మామూలు పక్షుల సంగతైతే ఈబర్డ్ అనే వెబ్‌సైట్‌లో జాబితాగా నమోదు చేస్తే చాలు. కనిపించనివాటి విషయం కూడా అక్కడ లెక్కకొస్తుంది: పూర్తి జాబితా ఇచ్చారంటే అందులో లేని పక్షి ఆ రోజు మీకు కనబడలేదనే అర్థం. ఏప్రిల్‌లో వారానికోసారి అదే చెరువు గట్టున అరగంట నిలబడి రాసిన జాబితాలు నాలుగైదు ఉంటే, ఏ పక్షి ఏ వారంలో వెళ్లిపోయిందో వాటిలోంచి తీయగలం.